టైరు పెద్దదైన కారు ఎంత లేచును?

సూర్యాపేటలో నా మిత్రుడొకరికి పాత అంబాసిడర్ కారు ఉన్నది. ఊరిలోని స్పీడు బ్రేకర్లపై పొగగొట్టము గీచుకొనుచున్నదని ఆయన నాలుగు చక్రములకును పెద్ద టైర్లు వేయించినారు. "జానెడు లేచినదండీ" అన్నారు. నాకు నమ్మకము కుదరక, ఇద్దరము కలిసి కొలిచితిమి.

దీనికి సుద్దముక్క, టేపు చాలును. టైరు అంచున, దాని క్రింద నేలపైన గీత గీచి, టైరు గీత మరల నేలను చేరువరకు కారును నెట్టవలెను. పాత టైరు ఒక చుట్టుకు 2.00 మీటర్లు నడిచినది, కొత్తది 2.15 మీటర్లు. తేడా 15 సెంటీమీటర్లు. కాని కారు లేచునది చుట్టుకొలతలోని తేడాతో కాదు, వ్యాసార్ధములోని తేడాతో. 15ను 6.28తో భాగించిన సుమారు 2.4 సెంటీమీటర్లు వచ్చును. జానెడు మాట అటుంచి, రెండు వేళ్ల వెడల్పు కూడ లేదు!

ఈ స్వల్పలాభమునకు చెల్లించు మూల్యము వేరొకచోట ఉన్నది. కారులోని మీటరు రోడ్డును చూడదు. చక్రము ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించును, అంతే. పాత టైర్లతో అది సరిగా చూపెడిదనుకొన్నచో, కొత్తవాటితో నూటికి సుమారు 7 పాళ్లు తక్కువ చూపును. సూర్యాపేట నుండి కోదాడకు 65వ జాతీయ రహదారిపై పోవుచు 20 కిలోమీటరు రాళ్లు లెక్కించితిమి, మీటరులో 18.6 మాత్రమే కదలినది. రాళ్లే తప్పుగా పాతినారని మా మిత్రుని వాదము! దూరము తక్కువగా చూపిన నష్టము లేదు. మీటరు 80 చూపుచుండగా కారు 86 వేగముతో పోవుచుండుటయే ప్రమాదము. బ్రేకు వేసిన తరువాత కారు జారు దూరము వేగపు వర్గముననుసరించి పెరుగును గనుక, అది నూటికి 15 పాళ్లకు పైగా ఎక్కువగును. నడుపువాడు దీనిని ఎరుగడు.

ఇంతకును లేపవలసినది ఏ భాగమును? మిర్యాలగూడ బియ్యపు మిల్లుల ముందు నిలిచిన లారీలను చూడుడు. ధాన్యముతో నిండిన లారీకి కమాను పట్టీలు చదునై, పెట్టె టైర్లమీదికి దిగియుండును. దించిన తరువాత అదే పెట్టె పైకి లేచును. కాని రెండు చక్రములను కలుపు ఇరుసు, దాని నడుమనున్న డిఫరెన్షియల్ పొట్ట దాదాపు ఉన్నచోటనే ఉండును. కమాను పైనున్న దానినే లేపును. ఇరుసును లేపగలది టైరు ఒక్కటే.

అంబాసిడర్ వెనుక భాగమున ఇదే ఏర్పాటు. ముందు మాత్రము టార్షన్ బార్ అను ఉక్కు కడ్డీ మెలిపడుచు బరువును మోయును. 1960ల అమెరికాలో మహాశక్తిగల ఇంజనులతో వచ్చిన ప్లిమత్, డాడ్జ్ కార్లకును ముందువైపు ఇట్టి కడ్డీలే. వాటిలో ఒక బోల్టు త్రిప్పిన కారు ముక్కు లేచును, లేదా దిగును. కడ్డీ బిరుసు మారదు. అది మెలిపడుటకు ఆరంభించు స్థానము మారును. ఎంత లేపినను గరిమనాభి కూడ లేచును గనుక, మలుపులో కారు ఒరుగుట ఎక్కువగును.

మా మిత్రుని కారు ఒంటరిగా పోవునపుడు గీచుకొనలేదు; ఐదుగురు ఎక్కినపుడే గీచుకొన్నది. పొగగొట్టము కమానులపై నిలిచిన శరీరమునకు వ్రేలాడును. దోషము టైరులో లేదు, ఏండ్ల తరబడి వంపు పోయిన కమానులలో ఉన్నది. కోదాడలోని మేస్త్రీ పట్టీలను విప్పి, వంపు తిరిగి కొట్టి బిగించినాడు. పాత టైర్లు మరల ఎక్కించితిమి. తిరుగు ప్రయాణములో 20 రాళ్లకు మీటరు 20 చూపినది.