సెల్ఫ్ స్టార్టా, తాడు స్టార్టా? స్నోమొబైల్ కొనే ముందు మైనస్ 24లో నేర్చుకున్న పాఠం

టిక్. టిక్. టిక్.

చలికాలం పొద్దున్నే మన ఇంట్లో పాత స్కూటీకి సెల్ఫ్ కొడితే వచ్చే సౌండే ఇది. అక్కడైతే సెంటర్ స్టాండ్ వేసి నాలుగు కిక్కులు కొడతాం, పని అయిపోతుంది. కానీ నేను ఉన్నది అమెరికాలోని మిన్నెసోటాలో, డులూత్‌కి ఉత్తరాన ఉన్న అడవిలో. టెంపరేచర్ మైనస్ 24 డిగ్రీలు. జనవరి నెల, టైం మూడున్నర దాటింది. ఇక్కడ ఐదు లోపే చీకటి పడిపోతుంది. నా కింద ఉన్నది పావు టన్నుకి పైగా బరువున్న స్నోమొబైల్. దానికి కిక్ లేదు, తాడు లేదు. ఉన్నది ఒకే ఒక్క బటన్. అది టిక్ మంటోంది, అంతే.

"ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసుకునే చోట ఈ గోల ఏంటి బ్రో" అనుకోవచ్చు. కానీ బ్యాటరీ, బరువు, ఫెయిల్ అయితే బ్యాకప్... ఏ గ్యాడ్జెట్ గురించైనా మనం కొట్టుకునేది ఈ మూడింటి మీదే కదా. ఇది కూడా అదే గొడవ. కాకపోతే ఇక్కడ బ్యాటరీ చచ్చిపోతే పోయేది రీల్స్ కాదు.

స్నోమొబైల్ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో

ముందు రెండు స్కీలు, వెనక యుద్ధ ట్యాంకుకి ఉన్నట్టు తిరిగే రబ్బరు ట్రాక్, మధ్యలో బైక్ లాంటి సీటు, హ్యాండిల్. ఇక్కడివాళ్లు ముద్దుగా స్లెడ్ అంటారు. మిన్నెసోటాలో వీటి కోసమే 22,000 మైళ్లకి పైగా ట్రైల్స్ ఉన్నాయి. పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్ కంపెనీలు రెండూ ఈ రాష్ట్రంలోని చిన్న ఊళ్లలో పుట్టినవే. స్కీ-డూ మాత్రం కెనడాలోని క్యూబెక్‌ది, 1959లో మొదలైంది. ఇంకో విషయం, 1976 డిసెంబర్ 31 తర్వాత పుట్టినవాళ్లు ఇక్కడ నడపాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. అంటే నేనూ, ఇది చదువుతున్న మీలో దాదాపు అందరూ ఆ లిస్టులోనే.

ఆ రోజు ఏం జరిగింది

నేను మినియాపోలిస్‌లో ఉద్యోగం. మా టీమ్‌లో సీనియర్ ఒకాయన ఉన్నారు, గుంటూరు వైపు మనిషి, ఇక్కడికి వచ్చి చాలా ఏళ్లయింది. "తమ్ముడూ, చలి చలి అని ఇంట్లో కూర్చుంటే ఆర్నెల్లు జైలే. ఒకసారి స్లెడ్ ఎక్కు, చలికాలం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తావ్" అని పట్టుకెళ్లారు. ఆయనది సొంత బండి, పాత టూ స్ట్రోక్, తాడు లాగి స్టార్ట్ చేసేది. నేను రెంట్‌కి తీసుకున్నది ఫోర్ స్ట్రోక్ టూరింగ్ మోడల్, సెల్ఫ్ స్టార్ట్. ఆయన తాడు లాగుతుంటే నేను బటన్ నొక్కి నవ్వుకున్నా కూడా.

తప్పు సగం నాదే. ప్రతి పది నిమిషాలకీ ఆగడం, ఇంజిన్ ఆపడం, ఫోటోలు, మళ్లీ స్టార్ట్. స్టార్ట్ చేసిన ప్రతిసారీ బ్యాటరీ నుంచి పెద్ద మొత్తంలో కరెంట్ పోతుంది. ఆ పోయింది తిరిగి నిండాలంటే కాసేపు నడపాలి. నేనేమో కాస్త దూరం వెళ్లి ఆపేస్తున్నా. పైగా హెడ్‌లైట్, వేడి హ్యాండిల్ గ్రిప్పులు అన్నీ కరెంట్ తాగేవే. మిగతా సగం తప్పు ఆ బ్యాటరీ వయసుది.

"అన్నా, సెల్ఫ్ తీసుకోవట్లేదు."

"తీసుకోకపోతే జంప్ ఇద్దాం, కేబుల్ ఉందిగా."

కేబుల్ ఉంది. కానీ అప్పుడు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది, ఆయన బండికి అసలు బ్యాటరీయే లేదని. జంప్ ఎక్కణ్నుంచి ఇస్తాం? ఫోన్ తీస్తే 40 శాతం ఉన్న ఛార్జ్ కళ్ల ముందే పడిపోయి స్క్రీన్ నల్లబడింది. చాలా ఫోన్లకి కంపెనీలు చెప్పే వాడకం టెంపరేచర్ 0 నుంచి 35 డిగ్రీలే మరి. చివరికి నా బండి డ్రైవ్ బెల్ట్ తీసేసి, స్కీలకి తాడు కట్టి, ఆయన బండితో మెల్లగా లాక్కుంటూ పార్కింగ్ దాకా వచ్చాం. చేరేసరికి పూర్తిగా చీకటి. కాలి వేళ్లు ఉన్నాయో లేదో తెలియట్లేదు. ఆయన మాత్రం ఒక్క మాటే అన్నారు: "బటన్ మంచిదే తమ్ముడూ. బటన్ ఒక్కటే ఉండటం మంచిది కాదు."

ఆ మాట పట్టుకుని నెల రోజులు చదివా. ఎందుకంటే మా రూమ్మేట్, నేను కలిసి సెకండ్ హ్యాండ్ స్లెడ్ కొందామని డబ్బులు దాస్తున్నాం.

సెల్ఫ్ స్టార్ట్: సుఖం ఎంతో, చలికి భయం అంత

లెడ్-యాసిడ్ బ్యాటరీలో కరెంట్ వచ్చేది కెమికల్ రియాక్షన్ నుంచి. చలికి ఆ రియాక్షన్ నెమ్మదిస్తుంది. అదే టైంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి, ఇంజిన్ తిప్పడానికి ఇంకా ఎక్కువ బలం కావాలి. అంటే సప్లై తగ్గింది, డిమాండ్ పెరిగింది. అందుకే బ్యాటరీ కొనేటప్పుడు సీసీఏ అనే నంబర్ చూడాలి. మైనస్ 18 డిగ్రీల దగ్గర, వోల్టేజ్ 7.2 కంటే పడిపోకుండా 30 సెకన్ల పాటు 12 వోల్టుల బ్యాటరీ ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పేది అదే. ఫోన్ బ్యాటరీలో ఎంఏహెచ్ చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎంత దాచింది అన్నది కాదు, చలిలో ఒక్కసారిగా ఎంత ఇవ్వగలదు అన్నదే లెక్క.

ఇంకో ప్రమాదం ఉంది. పూర్తిగా ఛార్జ్ ఉన్న బ్యాటరీ ఎంత చలికైనా దాదాపు గడ్డకట్టదు. కానీ డిస్చార్జ్ అయిన బ్యాటరీలో ఉన్నది ఇంచుమించు నీళ్లే. మైనస్ పది చుట్టుపక్కలే గడ్డకట్టి లోపల పగిలిపోవచ్చు. గడ్డకట్టిన బ్యాటరీకి జంప్ ఇవ్వడం, ఛార్జర్ పెట్టడం అస్సలు చేయకండి.

మరి సుఖం మాటేంటి? అది నిజమే. పర్వతాల్లో మెత్తటి మంచులో బండి పక్కకి ఒరిగి కూరుకుపోతే, నడుము లోతు మంచులో నిలబడి తాడు లాగడానికి కాలు పెట్టే చోటే ఉండదు. అక్కడ బటన్ బంగారం. భుజం నొప్పి ఉన్నవాళ్లకీ, పెద్ద వయసువాళ్లకీ అంతే. ఇక పెద్దవాళ్లు నడిపే ఫోర్ స్ట్రోక్ బళ్లలో దాదాపు అన్నింటికీ సెల్ఫ్ ఒక్కటే దారి. అక్కడ ఛాయిస్ లేదు.

తాడు స్టార్ట్: ఒక్క లాగులో ఈసీయూ బూట్ అవ్వాలి

మన ఊళ్లో చిన్న జనరేటర్‌కి, పొలంలో మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌కి తాడు లాగుతాం కదా, సిస్టమ్ అదే. కప్పీకి చుట్టిన తాడు, వెనక్కి లాక్కునే స్ప్రింగ్, ఇంజిన్‌ని పట్టుకుని తిప్పి వదిలేసే చిన్న పళ్లు. అంతే.

నాకు పిచ్చెక్కించింది వేరే విషయం. ఇప్పటి టూ స్ట్రోక్ బళ్లకి ఫ్యూయెల్ ఇంజెక్షన్, కంప్యూటర్ అన్నీ ఉన్నాయి. అయినా బ్యాటరీ లేకుండానే నడుస్తాయి. నువ్వు లాగిన ఆ ఒక్క లాగుకి మాగ్నెటో తిరిగి కరెంట్ పుట్టించాలి. ఆ కరెంట్‌తో ఈసీయూ బూట్ అవ్వాలి, ఇంజెక్టర్ పని చేయాలి, స్పార్క్ రావాలి. ఇదంతా నీ చెయ్యి అవతలికి వెళ్లేలోపు. మా ఆఫీసులో ఒక సర్వీస్ రీస్టార్ట్ అవ్వడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, సిగ్గేసింది.

లాగడంలో ఒక పద్ధతుంది. ముందు కిల్ స్విచ్, ఒంటికి తగిలించుకునే సేఫ్టీ తాడు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. స్టార్ట్ కాని బళ్లలో చాలావాటికి రోగం అక్కడే. తర్వాత తాడుని మెల్లగా లాగితే ఒకచోట బరువు తగులుతుంది. అక్కణ్నుంచి ఒక్క ఊపులో లాగాలి. తాడు చివరిదాకా లాగకూడదు, లాగాక ఠక్కున వదిలేయకూడదు.

దీనికీ మైనస్ ఉంది. తర్వాతి సీజన్‌లో అన్న బండి ఫ్లడ్ అయితే ఇద్దరం మార్చి మార్చి ముప్పైసార్లు లాగాం. స్టార్ట్ అయ్యింది కానీ లోపల బట్టలు చెమటకి తడిసిపోయాయి. ఆ చలిలో తడి బట్టలంటే ఒళ్లు వేడి కోల్పోవడమే. కాబట్టి "తాడు ఎప్పుడూ మోసం చేయదు" అనేవాళ్లని నమ్మొద్దు. తాడు మోసం చేయదు, మన ఒంట్లో ఓపిక చేస్తుంది.

మధ్యలో ఒక తెలివైన దారి

స్కీ-డూ 2018 మోడళ్లతో షాట్ అనే సిస్టమ్ తెచ్చింది. బ్యాటరీ లేదు, విడిగా స్టార్టర్ మోటర్ లేదు. రోజులో మొదటిసారి తాడు లాగాలి. ఇంజిన్ నడుస్తుండగా అల్ట్రా కెపాసిటర్ ఛార్జ్ అవుతుంది. తర్వాత బటన్ నొక్కితే ఆ కెపాసిటర్ కరెంట్‌తో మాగ్నెటోయే స్టార్టర్ మోటర్‌లా తిరుగుతుంది. మామూలు సెల్ఫ్ సిస్టమ్‌తో పోలిస్తే సుమారు 9 కిలోలు ఆదా. పర్వతాల్లో నడిపేవాళ్లు కిలో కిలోకీ లెక్క చూసుకుంటారు, వాళ్లకి ఇది చాలా పెద్ద నంబర్.

కెపాసిటర్ ఎందుకంటే, అందులో కెమికల్ రియాక్షన్ లేదు. దాచేది తక్కువే, కానీ దాచింది చలిలో కూడా ఒక్కసారిగా ఇచ్చేస్తుంది. ఒక్క స్టార్ట్‌కి కావాల్సింది కూడా అంతే కదా.

మరి ఎవరికి ఏది?

ఎక్కువగా ట్రైల్ మీద, దూరాలు, వెనక ఇంకొకర్ని కూర్చోబెట్టుకుని వెళ్లేవాళ్లకి ఫోర్ స్ట్రోక్, సెల్ఫ్. కానీ సీజన్ మొదట్లో బ్యాటరీ టెస్ట్ చేయించాలి, వాడని రోజుల్లో మెయింటెనెన్స్ ఛార్జర్ పెట్టాలి, చిన్న జంప్ స్టార్టర్‌ని జాకెట్ లోపల జేబులో ఒంటి వేడికి ఉంచాలి. డిక్కీలో పెడితే అది కూడా చలికి చల్లబడిపోతుంది.

బడ్జెట్ తక్కువ, టూ స్ట్రోక్, ఒంట్లో ఓపిక ఉంది అంటే తాడు. పర్వతాలు, లోతు మంచు, డబ్బులు కూడా ఉన్నాయంటే కెపాసిటర్ సిస్టమ్.

మేమేం కొన్నాం? మా రూమ్మేట్ కుడి భుజం కాలేజీలో క్రికెట్ ఆడుతూ జారిపోయింది, ఇప్పటికీ గట్టిగా లాగితే పట్టేస్తుంది. వాడికి తాడు ఒక్కటే ఉన్న బండి కొంటే, వాడు ఎప్పటికీ ఒంటరిగా వెళ్లలేడు. నాకేమో బటన్ ఒక్కటే ఉన్న బండి చూస్తే ఆ టిక్ టిక్ గుర్తొస్తుంది. వెతికి వెతికి సెల్ఫ్, తాడు రెండూ ఉన్న పాత టూ స్ట్రోక్ పట్టుకున్నాం. మేం అనుకున్నదానికంటే కాస్త ఎక్కువే పెట్టాం, బరువు కూడా ఎక్కువే. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు యాడ్‌లో రాసింది నమ్మకుండా సైడ్ ప్యానెల్ తీసి తాడు ఉందో లేదో కళ్లారా చూడండి. ఇంజిన్ ముందే వేడి చేసి ఉంచితే అనుమానించండి, చల్లారాక స్టార్ట్ చేసి చూపించమనండి.

ఇండియాలో రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా 2020 మీటియర్, 2021 కొత్త క్లాసిక్ నుంచి కిక్ రాడ్ తీసేసింది. హైదరాబాద్ రోడ్డు మీద దానివల్ల పెద్ద నష్టం లేదు, నలుగురు తోస్తారు, పక్కనే మెకానిక్ ఉంటాడు. మైనస్ 24లో అడవిలో తోసేవాళ్లు ఉండరు.

మొన్న వారం మా బండి మొదటి రైడ్. పొద్దున్నే రూమ్మేట్ బటన్ నొక్కాడు, వెంటనే స్టార్ట్ అయ్యింది. నేను ఆపించి, తాడు కూడా ఒకసారి లాగి చూశా. రెండో లాగుకి అందుకుంది. "పని చేస్తోందిగా, మళ్లీ ఎందుకు?" అన్నాడు వాడు. బ్యాకప్ ఉంటే సరిపోదు రా, అది పని చేస్తోందని తెలిసి బయల్దేరాలి.