పిల్లిగీర - దాని మారువేషములు

పిల్లి మన గృహములకు పరాయిది కాదు. ధాన్యపు కొట్లను ఎలుకలనుండి కాపాడుటకై రైతు దానిని పోషించును; పట్టణవాసి ముద్దునకై పెంచును. ఆటలో అది బిడ్డ చేతిని గీరినచో ఆ యెఱ్ఱని చారను ఎవరును లక్ష్యపెట్టరు. వారమో, రెండు వారములో గడచినపిమ్మట చంకలోనో మెడయందో బిళ్ల కట్టును. అప్పటికి గీర సంగతి ఎవరికిని జ్ఞప్తియందుండదు.

ఈ జాడ్యమును 1950వ సంవత్సరమున ఫ్రెంచి బాలవైద్యుడు రొబేర్ దెబ్రే లోకమునకు ఎఱిగించెను. దీనికి మూలమైన క్రిమి చాలకాలము చిక్కలేదు. 1983లో అమెరికా శాస్త్రజ్ఞులు రోగుల బిళ్లలలో దానిని కాంచిరి. నేడు బార్టొనెల్లా హెన్సెలే యని పిలువబడుచున్న క్రిమితో ఈ రోగమునకు గల సంబంధము 1992లో రక్తపరీక్షలవలన తేలెను. పిల్లి బొచ్చులో దాగి నెత్తురు పీల్చుచు ఎగిరి దుముకు చిన్న పురుగు దీనిని ఒక పిల్లినుండి వేఱొక పిల్లికి చేర్చును. ఆ పురుగు మలము గోళ్లలో చిక్కి, గీరతో మన దేహమున ప్రవేశించును. పిల్లి మాత్రము ఆరోగ్యముగనే కనుపించును. పెద్ద పిల్లులకంటె కూనలవలననే భయమధికము.

బిళ్లతోనే ముగిసినచో చాలమందికి అది కొన్ని వారములలోనో నెలలలోనో తనంతట తానే అణగును. చిక్కంతయు మారువేషములందున్నది. కొందఱికి ఒక కన్ను ఎఱ్ఱబాఱి, అదే వైపున చెవిముందు బిళ్ల కట్టును; ఈ లక్షణములను పరినో యను నేత్రవైద్యుడు 1889లోనే వర్ణించెను. కొందఱికి చూపు హఠాత్తుగా మందగించి, కంటిలోపలి పొరపై నక్షత్రాకారమగు మచ్చ యేర్పడును. కొందఱు బిడ్డలకు వారములతరబడి జ్వరముండి, కాలేయమునందును ప్లీహమునందును చిన్న గడ్డలు పుట్టును. అరుదుగా మూర్ఛయు వచ్చును; గుండె కవాటములును చెడును. ఎయిడ్సు రోగుల చర్మముపై ఎఱ్ఱని బొడిపెలు లేచును.

మన దేశమున మెడబిళ్లయు దీర్ఘజ్వరమును కానవచ్చినంతనే క్షయ యను అనుమానము పొడముట సహజము. క్షయ ఇచట విస్తారమే కదా! కాని సూక్ష్మదర్శినిలో ఈ రెండు రోగముల బిళ్లలును కొంత పోలికగలవై యుండును. కావున క్షయను త్రోసివేయరాదు. నిర్ధారణ లేనిదే నెలలతరబడి క్షయ మందులును మ్రింగింపరాదు. "ఇంట పిల్లి యున్నదా?" అని వైద్యుడడుగవలెను, అడుగకున్నను గృహస్థు చెప్పవలెను. పిమ్మట సందేహము తీర్చుటకు రక్తపరీక్ష గలదు.

ఇందుకై పిల్లిని వీథిపాలు చేయ నక్కఱలేదు. బొచ్చులోని పురుగులను పశువైద్యుని సలహాతో పోగొట్టవలెను. గీరను వెంటనే సబ్బుతో నీటిధారక్రింద బాగుగ కడుగవలెను. గీరినను కఱచినను రేబిస్ టీకా విషయమున ఆలస్యము పనికిరాదు. ఏనాడు, ఎచట గీరెనో జ్ఞప్తియందుంచుకొన్నచో, ఆ చిన్నమాటయే వైద్యునకు దారి చూపును.