కంప్యూటరుల నడుమ వంతెనలు



బ్యాంకునకు గాని ఆసుపత్రికి గాని పోయినప్పుడు, "నెట్‌వర్క్ పని చేయుట లేదండీ, కొంచెముసేపు కూర్చొనుడు" అను మాట మీలో పెక్కుమంది వినియే యుందురు. దానికి కారణములు అనేకములు. వానిలో నొకదానిని గూర్చియు, దానిని మాన్పుటకై యేర్పడిన యొక ప్రమాణమును గూర్చియు, ఆ ప్రమాణమును తిరిగి వ్రాయుటలో గలిగిన చిక్కులను గూర్చియు నేడు మనవి చేసెదను.

ఒక కచేరిలోని కంప్యూటరులను తీగలతో గలిపినచో నది లోకల్ ఏరియా నెట్‌వర్క్ అగును. దానిని ఒక చిన్న గ్రామ మనుకొనుడు. 1980 ప్రాంతమున నీ గ్రామములకు వేర్వేరు ఆచారము లుండెడివి. ఈథర్నెట్ అను పద్ధతిలో తీగ ఖాళీగా నున్నప్పుడు ఎవరైనను మాటలాడవచ్చును. టోకెన్ రింగ్ అను పద్ధతిలో ఒక బిళ్ల వంటి గుర్తు చేతులు మాఱుచుండగా, అది యెవరియొద్ద నున్నదో వారే మాటలాడవలెను. ఇట్టి గ్రామములను గలుపు పెట్టెకు బ్రిడ్జి యని పేరు. నేడు స్విచ్చి యని పిలుచునది దాని సంతతియే. అది యెవరును చెప్పకయే నేర్చుకొనును. ఒక ఉత్తరము ఏ వైపునుండి వచ్చినదో చూచి, పంపినవారు ఆ వైపున నున్నారని గుర్తుంచుకొనును. చిరునామా తాను ఎఱుగనిదైనను, ఉత్తరము అందఱకును ఉద్దేశింపబడినదైనను, వచ్చిన వైపు దప్ప తక్కిన వైపుల కన్నిటికిని నకళ్లు పంపును.

ఇక చిక్కు వినుడు. ఒక వంతెన చెడినను రాకపోకలు నిలువకుండుటకై రెండవ వంతెనను గూడ వేయుదురు. ఆ ముందుచూపు మెచ్చదగినదే. కాని మొదటి వంతెనమీదుగా పోయిన దండోరా రెండవ వంతెనమీదుగా తిరిగి మొదటి యూరికి వచ్చును. అచ్చటి వంతెన దానిని కొత్త దండోరా యని భ్రమించి మఱల పంపును. ఈథర్నెట్ ఉత్తరముమీద "ఇన్ని చేతులు మాఱిన పిమ్మట పాఱవేయుడు" అను గుర్తు లేదు. కావున నది అలయక తిరుగుచునే యుండును. త్రోవలు రెంటికి మించి యున్నచో, తిరుగుటయే గాక నకళ్లకు నకళ్లు పుట్టి, రెప్పపాటులో తీగలు నిండిపోవును. నిజమైన పనికి చోటుండదు.

దీనికి ఉపాయము కనిపెట్టినవారు అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషనునందు పనిచేసిన రేడియా పెర్ల్‌మన్ అను విదుషి. 1985లో ప్రకటించిన తన వ్యాసమునకు ఆమె చెట్టును గూర్చిన యొక పద్యమును ముందు నిలిపినది. ఇంజనీరులలో ఇట్టి సరసత అరుదు. చెట్టునందు ఒక కొమ్మనుండి మఱియొక కొమ్మకు పోవుటకు త్రోవ యొక్కటియే గదా! వంతెనలన్నియు తమలో తాము సంప్రదించుకొని, అన్నిటికంటె చిన్న సంఖ్య గలదానిని వేరుగా నెంచుకొనును. పిమ్మట ప్రతి వంతెనయు ఆ వేరునకు దగ్గఱ త్రోవను నిలుపుకొని, మిగులు త్రోవలను మూసివేయును. మూయుట యనగా తెంచుట కాదు, నిద్రపుచ్చుట. నడుచు త్రోవ తెగినప్పుడు నిద్రించు త్రోవను లేపవచ్చును.

ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంస్థ 1990లో ఈ పద్ధతిని 802.1డి అను ప్రమాణములో చేర్చినది. కాని యందలి జాగ్రత్త మిక్కుటము. పొరుగు వంతెన మాట వినబడనప్పుడు 20 సెకండ్లు వేచియుండవలెను. పిమ్మట 15 సెకండ్లు వినుచుండుటకు, మఱి 15 సెకండ్లు చిరునామాలు నేర్చుటకు. మొత్తము 50 సెకండ్లు! ఉత్తరములు మాత్రమే పోవు కాలమున నది సహింపదగినదే. టెలిఫోను సంభాషణలును ఆ తీగలమీదనే పోవ నారంభించిన పిమ్మట నెవ రోర్తురు?

వేఱొక పరిమితియు గలదు. ఒక కొననుండి మఱియొక కొనకు 7 వంతెనలకు మించరాదని యా లెక్క. 2002 నవంబరులో బోస్టను నగరమందలి యొక పెద్ద ఆసుపత్రిలో నెట్‌వర్క్ ముక్క ముక్కగా పెరిగి ఈ హద్దు దాటియుండెను. త్రోవల లెక్క తప్పి, పని పదేపదే కుప్పగూలినది. నాలుగు దినములు వైద్యులును నర్సులును కాగితములతో వ్యవహరింపవలసి వచ్చినది. రోగి రక్తపరీక్ష ఫలితము మనిషి నడిచి తెచ్చువఱకు రాదు. తీగల పేటికలోని చిక్కు మంచముమీది రోగి వఱకు వచ్చు ననుటకు ఇంతకంటె సాక్ష్య మేల?

అప్పటికే, 2001లో, ప్రమాణమునకు సవరణ సిద్ధమైనది. కొత్త పద్ధతిలో వంతెనలు గడియారము చూచుచు కూర్చొనవు. "ఈ త్రోవ తెఱవవచ్చునా?" అని యొకటి యడుగును, "తెఱవుము" అని పొరుగుది యంగీకరించును. పెక్కు సందర్భములలో ఒక్క సెకండు లోపుననే పని చక్కబడును. 2004 నాటి ప్రతిలో పాత పద్ధతిని తొలగించి దీనినే నిలిపిరి.

కొలతను గూడ మార్చవలసివచ్చెను. తొలుత వేయిని తీగ వేగముచే భాగించి దూరము లెక్కించిరి. వేగము 10 మెగాబిట్లకు 100, 100కు 10, వేయికి 1. పదివేల మెగాబిట్ల తీగ వచ్చునప్పటికి ఒకటికంటె తక్కువ సంఖ్య లేక చిక్కుపడిరి. 1998లో 100, 19, 4, 2 అని అతుకు వేసిరి. 2001లో పెద్ద సంఖ్యలు తెచ్చి, 10 మెగాబిట్లకు 20,00,000, వేయి మెగాబిట్లకు 20,000 అని నిర్ణయించిరి. ఒక వంతెన పాత కొలతను, వేఱొకటి కొత్త కొలతను వాడినచో, ఒక అంగడిలో సేరుతోను ప్రక్క అంగడిలో కిలోతోను తూచి ధరలు పోల్చినట్లే యగును. మంచి త్రోవ మూతపడి సన్నని త్రోవ తెఱచుకొనును.

ప్రమాణము తిరుగవ్రాయుటలో గల అసలు కష్టము నాకు ఇచ్చటనే కనబడుచున్నది. వేలకొలది చోట్ల అమర్చిన పాత పెట్టెలను ఒక్కదినమున ఎవరు మార్చగలరు? కావున కొత్త వంతెన, పాత వంతెన మాట వినబడినవెంటనే, ఆ వైపున మాత్రము పాత భాషలోనే మాటలాడవలెనని విధించిరి. ఆ వైపున పాత యాలస్యమును తప్పదు. 2012లో త్రోవలన్నిటిని వాడుకొను మఱియొక పద్ధతి వచ్చినది. 2014లో ఈ శీఘ్రపద్ధతి 802.1క్యూ అను పెద్ద ప్రమాణములో చేరిపోయినది. అయినను, పాత పెట్టెను తొలగించిన పిమ్మట గూడ, నిర్వాహకుడు వచ్చి గుర్తుచేయువఱకు, దాని పొరుగున నున్న కొత్త పెట్టె యా వైపు పాత భాషనే పలుకుచుండుట యిప్పటికిని గలదు.