బీమా కాగితము నడచు త్రోవ

ఇంటి యజమాని జీవించియున్నంత కాలము బీమా పత్రము పెట్టె యడుగున నిద్రించుచుండును. ఆతడు లేని నాడు దానిని మేల్కొలిపి, చేతబట్టుకొని కచేరీ మెట్లెక్కవలసినది ఇల్లాలు. కావున ఆ కాగితము నడచు త్రోవను మగవారికంటె మనమే ముందుగా నెరిగియుండుట యావశ్యకము.

బీమా మన వారికి క్రొత్త గాదు. 1925లోనే బందరున ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీ వెలసినది. అందులకు పూనుకొన్నవారు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. 1956 సెప్టెంబరు 1వ తేదీన దేశములోని 245 జీవితబీమా సంస్థలను గూర్చి ప్రభుత్వము జీవిత బీమా సంస్థను నెలకొల్పెను. 1999 నాటి చట్టముతో ప్రైవేటు కంపెనీలకు మరల తలుపులు తెరచుకొన్నవి. వీని నన్నింటిని అదుపుచేయు ప్రాధికార సంస్థ నేడు హైదరాబాదుననే యున్నది.

ఈ కంపెనీలు తమ పని నెట్లు నడుపుకొనును? పలాసలో జీడిగింజ పప్పగుటను చూచినవారికి దీనిని వేరుగ జెప్పనక్కరలేదు. గింజను కాల్తురు, పగులగొట్టుదురు, ఆరబెట్టుదురు, పొట్టు దీయుదురు, తుదకు ఏరి వేరుచేయుదురు. ఒక్కొక్క పని ఒక్కొక్క చేతిది. ఏ చేతిలో పప్పు విరిగినను తుదిలో ధర తగ్గును. ఎచ్చట విరుగుచున్నదో తెలిసికొన్న యజమానియే నష్టము నాపగలడు. బీమా పనియు నట్టిదే. దరఖాస్తు, వైద్యపరీక్ష, అంగీకారము, ప్రీమియము, మరణానంతరము క్లెయిము, విచారణ, చెల్లింపు, ఇవి దాని మెట్లు. ఈ మెట్లనెల్ల పటముగా గీచి, జాప్య మెచ్చట గలుగునో కనిపెట్టు విద్య యొకటి నేడు కంపెనీలలో వ్యాపించినది. మంచిదే. కాని ఆ పటము తరచుగా కంపెనీ గడపలో మొదలై కంపెనీ గడపలోనే ముగియును. ధ్రువపత్రములకై బిడ్డ నెత్తుకొని టెక్కలికిని పలాసకును తిరుగు స్త్రీ యడుగులు దానిలో కానరావు. ఏజెంటు, ఉద్యోగి, వాటాదారు, పాలసీదారు, నామినీ అందరును తృప్తిపడిననే వ్యాపారము నిలుచునందురు గదా. వీరిలో నామినీని అడిగినవా రెందరు?

మన ఉద్దానము సంగతినే చూడుడు. ఇచ్చట మూత్రపిండముల వ్యాధి చాల యేండ్లుగా ఇండ్లను కూల్చుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి దీని కొరకే తెరువబడెను. ఈ వ్యాధి మొదట నొప్పి యైనను లేక లోలోపల ముదురును. దరఖాస్తులో “వ్యాధి గలదా?” యన్న ప్రశ్నకు తొందరలో ఎవరో “లేదు” అని వ్రాయుదురు, ఇంటివాడు చదువకయే సంతకము చేయును. విరుగుట ఇచ్చటనే మొదలగును. చట్టములోని 45వ సెక్షను ప్రకారము మూడేండ్లు నిండిన జీవితబీమా పాలసీని ఏ కారణము చేతను ప్రశ్నింపరాదు. ఆ లోపల మరణించినచో, నిజమును దాచిరని కంపెనీ క్లెయిమును త్రోసివేయవచ్చును. మోసమని వారన్నపుడు, కాదని నిరూపించు భారము నామినీ మీదనే పడును! కట్టక నిలిచిన పాలసీని పునరుద్ధరించినచో ఆ మూడేండ్ల లెక్క మరల మొదటికి వచ్చును. కావున దరఖాస్తును మీ యెదుట చదివించి, తెలిసిన వ్యాధిని ఉన్నదున్నట్లు వ్రాయించి, నకలును, నాటి రక్తపరీక్ష కాగితమును ఒక్కచోట భద్రపరుపుడు.

కొబ్బరిచెట్లెక్కువారి ఇండ్లలోను, గంగపుత్రుల ఇండ్లలోను మరియొక మాట తెలిసియుండవలెను. 2015లో వచ్చిన ప్రధానమంత్రి సురక్షా బీమా పథకమునకు నేడు ఏటికి 20 రూపాయలు బ్యాంకు ఖాతానుండి తీసికొందురు. ప్రమాదమున మరణించినచో 2 లక్షల రూపాయలు వచ్చును. నీట మునిగి పోయినచో పోలీసులకు తెలుపవలెను. చెట్టుమీదనుండి పడినను, పాము కరచినను వెంటనే ఆసుపత్రిలో వ్రాయించిన కాగితము సాక్ష్యము. దుఃఖములో నిది యెవ్వరికి తోచును? ముందుగా తెలిసిన యింటనే తోచును.

ఇక తోట సంగతి. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చెను. కొబ్బరిచెట్లకు 2009 నుండియే బీమా పథకమొకటి యుండెను. దాని తరువాతి లెక్కలో 16 మొదలు 60 ఏండ్ల చెట్టునకు 1,750 రూపాయలు. ప్రీమియము 14 రూపాయలలో రైతు పాలు నాలుగవ వంతే. ఆ సొమ్ము తిరిగి మొక్క నాటుటకు సాయపడునేగాని, మొక్క కాపునకు వచ్చువరకు గడువవలసిన యేండ్లను పూడ్చునా? పటము గీయువారు ఈ యేండ్లను గూడ లెక్కింపవలెను.

క్లెయిము నిరాకరింపబడిన యెడల దిగులుపడి యింట కూర్చుండరాదు. మొదట కంపెనీకే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. నెలలోపల సమాధానము రాకున్నను, వచ్చినది తృప్తికరము గాకున్నను, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును. అచ్చట రుసుము లేదు, వకీలును అక్కరలేదు.

ఈ సాయంకాలమే పెట్టె తెరచి చూడుడు. పాలసీపై నామినీ పేరు సరిగా నున్నదా? మీ పేరు ఆధారు కార్డులో నున్నట్లే యున్నదా? కడపటి ప్రీమియము రసీదు కలదా? ఇంటిలో బియ్యము, ఉప్పు ఎన్నాళ్లకు వచ్చునో మనకు కరతలామలకము. ఈ కాగితమును గూడ ఆ లెక్కలో చేర్చుకొన్నచో, అక్కరపడిన నాడు మరియొకరి దయకై ఎదురు చూడ నక్కరలేదు.