బొగ్గు బాయిలో మెషీన్ అదే.. కంపెనీ పేరే మారుతోంది! అడ్రియాల లాంగ్‌వాల్ వెనుక కొనుగోళ్లు, అమ్మకాల కథ ఇదీ

కమాన్‌పూర్: చేతిలో ఉన్న ఫోన్ తయారుచేసిన కంపెనీని ఇంకో కంపెనీ కొనేస్తే మనకు పెద్దగా తేడా తెలియదు. మహా అయితే సర్వీస్ సెంటర్ బోర్డు మారుతుంది. కానీ భూమి కింద 300 మీటర్లకు పైగా లోతులో, కార్మికుల తలల మీద పైకప్పును మోస్తున్న మెషీన్ విషయంలో అదే జరిగితే? దాని స్పేర్ పార్టు ఎవరిస్తారు? రిపేరుకు ఇంజనీర్ ఎక్కడి నుంచి వస్తారు? పదేళ్ల కింద రాసుకున్న గ్యారంటీకి ఇప్పుడు జవాబుదారీ ఎవరు?

కమాన్‌పూర్ పక్కనే ఉన్న సింగరేణి అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టుకు ఈ ప్రశ్నలు నేరుగా వర్తిస్తాయి. ఎందుకంటే ఆ మెషీన్లు తయారుచేసిన విభాగం 2007 నుంచి ఇప్పటివరకు మూడుసార్లు చేతులు మారింది. అసలేం జరిగింది? ప్రపంచంలో మైనింగ్ వాహనాలు, మెషీన్లు తయారుచేసే కంపెనీలు ఒకదాన్నొకటి ఎందుకు కొంటున్నాయి, ఎందుకు అమ్ముకుంటున్నాయి? దీనివల్ల మన బొగ్గు బాయిల్లో ఏం మారుతుంది? వివరంగా చూద్దాం.

అడ్రియాలలో ఉన్న మెషీన్ ఏంటి?

అడ్రియాల గతంలో కరీంనగర్ జిల్లా కమాన్‌పూర్ మండలంలో ఉండేది. 2016లో జిల్లాల పునర్విభజన తర్వాత పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలోకి వెళ్లింది. ఇక్కడి భూగర్భ గనిలో 2014లో లాంగ్‌వాల్ పద్ధతిలో బొగ్గు తీయడం మొదలైంది. ఏడాదికి 28 లక్షల టన్నులు తీసే సామర్థ్యంతో దీన్ని ప్లాన్ చేశారు. భూగర్భ గనికి ఇది చాలా పెద్ద లెక్క.

లాంగ్‌వాల్ అంటే సింపుల్‌గా చెప్పాలంటే ఇదీ. దాదాపు 250 మీటర్ల పొడవున్న బొగ్గు గోడ ముందు వరుసగా వందకు పైగా ఇనుప సపోర్టులు నిలబెడతారు. వీటినే షీల్డులు అంటారు. షీరర్ అనే మెషీన్ గోడ వెంట అటూ ఇటూ తిరుగుతూ బొగ్గును కోస్తుంది. కోసిన బొగ్గు కింద ఉన్న చైన్ కన్వేయర్ మీద పడి బయటికి పోతుంది. ఆ తర్వాత షీల్డులు ఒక్కొక్కటిగా ముందుకు జరుగుతాయి. వెనక ఖాళీ అయిన చోట పైకప్పు దానంతట అదే కూలిపోతుంది. దాన్నే కార్మికులు గోఫ్ అంటారు.

అంటే ఇక్కడ షీల్డు, షీరర్, కన్వేయర్, హైడ్రాలిక్ పంపు, కంట్రోల్ సిస్టమ్.. అన్నీ కలిసి ఒకే మెషీన్‌లా నడవాలి. ఒక్కటి ఆగినా మొత్తం ఫేస్ ఆగిపోతుంది.

మూడుసార్లు చేతులు మారింది ఇలా..

అడ్రియాలకు ఈ సెట్‌ను సరఫరా చేసింది అమెరికా కంపెనీ క్యాటర్‌పిల్లర్. కానీ ఈ టెక్నాలజీ పుట్టింది క్యాటర్‌పిల్లర్‌లో కాదు. జర్మనీలోని లూనెన్ కేంద్రంగా పనిచేసిన డీబీటీ అనే కంపెనీలో.

• 2007: జర్మనీ బొగ్గు సంస్థ ఆర్‌ఏజీ చేతిలో ఉన్న డీబీటీని అమెరికాకు చెందిన బ్యూసైరస్ కొనేసింది. ధర దాదాపు 73 కోట్ల డాలర్లు. అప్పటివరకు బ్యూసైరస్ అంటే ఓపెన్‌కాస్ట్‌లో వాడే భారీ షావెళ్లు, డ్రాగ్‌లైన్‌లే. ఈ డీల్‌తో భూగర్భంలోకి దిగింది.

• 2010: టెరెక్స్ కంపెనీ మైనింగ్ విభాగాన్ని కూడా బ్యూసైరస్ దాదాపు 130 కోట్ల డాలర్లకు కొన్నది. భారీ డంపర్లు, హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్లు దాని చేతికొచ్చాయి.

• 2011: అన్నీ పోగేసుకున్న బ్యూసైరస్‌నే క్యాటర్‌పిల్లర్ మింగేసింది. అప్పులతో కలిపి దాదాపు 880 కోట్ల డాలర్ల డీల్ ఇది.

• 2020 దాటాక: లాంగ్‌వాల్ వ్యాపారాన్ని క్యాటర్‌పిల్లర్ వదిలించుకుంది. హైడ్రాలిక్స్‌లో పేరున్న హౌహింకో దాన్ని తీసుకుంది.

ఇది అడ్రియాల ఒక్కదాని కథే కాదు. సింగరేణిలో లాంగ్‌వాల్ 1980ల్లోనే మొదలైంది. అప్పట్లో సపోర్టులు ఇచ్చిన బ్రిటన్ కంపెనీల్లో గలిక్ డాబ్సన్ ఒకటి. దాని మాతృసంస్థ డాబ్సన్ పార్క్‌ను 1995లో అమెరికాకు చెందిన హార్నిష్‌ఫెగర్ కొన్నది. అదే తర్వాత జాయ్ గ్లోబల్ అయింది. 2017లో జాయ్ గ్లోబల్‌ను జపాన్ కంపెనీ కొమత్సు తీసుకుంది. అలా బ్రిటన్‌లో పుట్టిన పేరు అమెరికా మీదుగా జపాన్ చేరింది.

ఎందుకు కొంటారు? ఎందుకు అమ్ముతారు?

దీనికి జవాబు బొగ్గు, ఖనిజాల ధరల్లోనే ఉంది. ధరలు పెరిగితే గనుల కంపెనీలు కొత్త మెషీన్ల కోసం క్యూ కడతాయి. ధరలు పడిపోతే మొట్టమొదట ఆపేది కొత్త ఆర్డర్లనే. పాత మెషీన్‌తోనే ఇంకో రెండేళ్లు నెట్టుకొస్తారు. కాబట్టి మెషీన్ల కంపెనీకి ఒక ఏడాది పండగ, ఇంకో ఏడాది పస్తు.

ఈ ఎత్తుపల్లాలను తట్టుకోవాలంటే రకరకాల మెషీన్లు ఒకే గొడుగు కింద ఉండాలి. గనికి డంపర్, షావెల్, డ్రిల్లు అన్నీ ఒక్క కంపెనీయే ఇవ్వగలిగితే కస్టమర్ జారిపోడు. పైగా అసలు లాభం చాలాసార్లు మెషీన్ అమ్మకంలో కాదు, ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగే స్పేర్లు, సర్వీసులోనే ఉంటుంది. ఒక కంపెనీని కొంటే ఇప్పటికే గనుల్లో నడుస్తున్న దాని మెషీన్లన్నింటి స్పేర్ల మార్కెట్ కూడా కలిసొస్తుంది.

టైమింగ్ మాత్రం అందరికీ కలిసిరాదు. క్యాటర్‌పిల్లర్ బ్యూసైరస్‌ను కొన్నది ధరలు ఆకాశంలో ఉన్న 2011లో. ఆ తర్వాత కొద్ది కాలానికే మార్కెట్ పడిపోయింది. 2016లో భూగర్భ బోర్డ్ అండ్ పిల్లర్ గనుల మెషీన్ల నుంచి తప్పుకుంటామని క్యాటర్‌పిల్లర్ ప్రకటించింది. సరిగ్గా అదే ఏడాది, అందరూ వెనక్కి తగ్గుతున్న టైమ్‌లో, కొమత్సు ముందుకొచ్చి జాయ్ గ్లోబల్‌కు బేరం పెట్టింది. అప్పులతో కలిపి దాదాపు 370 కోట్ల డాలర్లకు డీల్ కుదిరింది.

టెరెక్స్: కొనడం, అమ్మడంతోనే పెరిగిన కంపెనీ

ఈ ఆటలో అందరికంటే ఆసక్తికరమైన పేరు టెరెక్స్. అసలు ఈ పేరే ఒక అమ్మకం నుంచి పుట్టింది. యూక్లిడ్ అనే డంపర్ల కంపెనీని జనరల్ మోటార్స్ 1953లో కొన్నది. గుత్తాధిపత్యం అంటూ అమెరికా ప్రభుత్వం కేసు వేయడంతో 1968లో దాన్ని అమ్మక తప్పలేదు. తన దగ్గర మిగిలిన మెషీన్లకు పెట్టుకున్న కొత్త పేరే టెరెక్స్. లాటిన్‌లో భూమి, రాజు అనే మాటలను కలిపి పెట్టిన పేరు ఇది.

తర్వాత టెరెక్స్ కూడా అమ్ముడుపోయింది. 1980ల్లో కొత్త యజమానుల చేతిలో పడ్డాక కనిపించిన కంపెనీనల్లా కొనడం మొదలుపెట్టింది. 1988లో యూనిట్ రిగ్ డంపర్లు, 1998లో జర్మనీ ఓ అండ్ కే మైనింగ్ ఎక్స్‌కవేటర్లు, 2002లో జెనీ లిఫ్టులు.. ఇలా లిస్టు పెరిగింది.

ఆ తర్వాత రివర్స్ గేర్ పడింది. 2010లో మైనింగ్‌ను బ్యూసైరస్‌కు, 2014లో స్కాట్లాండ్‌లో తయారయ్యే డంపర్లను 16 కోట్ల డాలర్లకు వోల్వోకు, 2017లో పోర్టు క్రేన్ల విభాగాన్ని కోనెక్రేన్స్‌కు, 2019లో డెమాగ్ క్రేన్లను జపాన్ కంపెనీ తడానోకు అమ్మేసింది.

ఇప్పుడు మళ్లీ కొంటోంది. 2024లో చెత్త సేకరణ వాహనాలు తయారుచేసే వ్యాపారాన్ని దాదాపు 200 కోట్ల డాలర్లకు తీసుకుంది. 2025 అక్టోబర్‌లో ఫైరింజన్లు, అంబులెన్సులు తయారుచేసే ఆర్‌ఈవీ గ్రూప్‌తో విలీనాన్ని ప్రకటించింది. జెనీ ఉన్న లిఫ్టుల విభాగం నుంచి తప్పుకునే ఆలోచన కూడా అప్పుడే బయటపెట్టింది. లాజిక్ సింపుల్. బొగ్గు ధర పడితే డంపర్ల ఆర్డర్ ఆగుతుంది. కానీ ఊళ్లో చెత్త ఎత్తడం, మంటలు ఆర్పడం ఆగవు కదా!

మన దేశంలోనూ ఇదే సీన్

అంబాసిడర్ కారుతో ఇంటింటికీ తెలిసిన హిందుస్థాన్ మోటార్స్ ఒకప్పుడు తమిళనాడు తిరువళ్లూరులో భారీ డంపర్లు కూడా తయారుచేసేది. 2000 ప్రాంతంలో ఆ వ్యాపారాన్ని క్యాటర్‌పిల్లర్‌కు అమ్మింది. ఎల్ అండ్ టీ, కొమత్సు 1998లో జాయింట్ వెంచర్ పెట్టాయి. 2013లో ఎల్ అండ్ టీ తన వాటాను కొమత్సుకే ఇచ్చేసి బయటికొచ్చింది. టాటాల టెల్కాన్‌లో 2010లో హిటాచీ వాటా 60 శాతానికి చేరింది. 2012 నుంచి దాని పేరు టాటా హిటాచీ.

ఇక బొగ్గు గనుల్లో అందరికీ తెలిసిన బీఈఎంఎల్. 1964లో కేంద్రం పెట్టిన ఈ ప్రభుత్వ సంస్థ మైసూరు, కేజీఎఫ్ ప్లాంట్లలో డంపర్లు, డోజర్లు తయారుచేస్తుంది. ఇందులో 26 శాతం వాటాను, యాజమాన్య హక్కులతో సహా అమ్మేందుకు 2021 జనవరిలో కేంద్రం ఆసక్తి ఉన్నవాళ్లను పిలిచింది.

మరి బాయిలో ఏం మారుతుంది?

కంపెనీ చేతులు మారిన మర్నాడు మెషీన్ ఆగిపోదు. తేడా మెల్లగా తెలుస్తుంది. మొదటిది, పార్టు నంబర్లు. అదే సీల్, అదే వాల్వ్ అయినా కొత్త యజమాని కేటలాగ్‌లో కొత్త నంబర్‌తో వస్తుంది. స్టోర్స్‌లో పాత నంబర్‌తో ఇండెంట్ పెడితే పని జరగదు.

రెండోది, ధర. కొన్ని పార్టులు అసలు తయారీదారు తప్ప ఇంకెవరూ ఇవ్వలేరు. వాటికి పోటీ టెండర్ ఉండదు. కొత్త యజమాని ఆ పాత మోడల్‌ను లాభం లేదని పక్కన పెడితే ధర పెరగొచ్చు, డెలివరీకి నెలలు పట్టొచ్చు.

మూడోది, సాఫ్ట్‌వేర్. ఇప్పటి షీల్డులు, డంపర్లు కంప్యూటర్ కంట్రోల్‌తో నడుస్తాయి. రెంచ్ చేతిలో ఉన్నా, పాస్‌వర్డ్ లేకపోతే ఫిట్టర్ ఏం చేయలేడు.

లాంగ్‌వాల్‌లో ఇది డబ్బు విషయం మాత్రమే కాదు, ప్రాణాల విషయం. ఫేస్ రోజూ ముందుకు జరుగుతుంటేనే పైకప్పు బరువు అదుపులో ఉంటుంది. ఎక్కువ రోజులు ఒకేచోట ఆగితే షీల్డుల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. గోఫ్‌లో మిగిలిపోయిన బొగ్గు గాలి తగిలి మెల్లగా వేడెక్కి దానంతట అదే అంటుకోవచ్చు. అందుకే ఒక్కో ప్యానెల్‌ను లెక్కగట్టిన గడువులోపే పూర్తి చేసి మూసేయాలి. స్పేర్ రాక ఫేస్ ఆగిందంటే ఆ గడువు కరిగిపోతున్నట్టే.

అయితే చేతులు మారడం ప్రతిసారీ నష్టమే అనుకోవద్దు. చిన్న కంపెనీని పెద్ద కంపెనీ కొంటే స్పేర్ల గోదాములు, శిక్షణ కేంద్రాలు దగ్గరకొచ్చే ఛాన్స్ ఉంది. మూతపడబోయే విభాగాన్ని ఆ పనే తెలిసినవాళ్లు కొంటే పాత మెషీన్లకు మళ్లీ దిక్కు దొరుకుతుంది.

ఆర్డర్ ఇచ్చే రోజే చూసుకోవాలి

సింగరేణి 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అంటే మెషీన్ల మీద పెట్టేది ప్రజల సొమ్మే. అందుకే ఇలాంటి కొనుగోళ్లలో ధరతో పాటు ఈ నాలుగూ ముఖ్యం:

• కంపెనీని ఎవరు కొన్నా పాత కాంట్రాక్టు బాధ్యతలన్నీ కొత్త యజమానికి వర్తించాలి.
• మెషీన్ జీవితకాలం మొత్తానికి స్పేర్లు ఇస్తామనే హామీ, ధర లెక్కతో సహా కాగితం మీద ఉండాలి.
• డ్రాయింగులు, సాఫ్ట్‌వేర్ యాక్సెస్ గనికి అందాలి.
• రిపేరు మన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లకు నేర్పాలి. కంపెనీ ఇంజనీర్ వెళ్లిపోయినా ఆ పని ఇక్కడే మిగిలిపోవాలి.

క్యాటర్‌పిల్లర్, కొమత్సు, హౌహింకో.. రేపు ఇంకో పేరు. బోర్డులు మారుతూనే ఉంటాయి. ఆ డీల్స్ అమెరికాలోనో జపాన్‌లోనో జరుగుతాయి, వాటిని గోదావరిఖనిలో కూర్చుని ఆపలేం. కానీ కాంట్రాక్టులో ఏం రాసుకోవాలి, ఎవరికి పని నేర్పించాలి అన్నది మాత్రం ఇక్కడి చేతుల్లోనే ఉంది. మొదటి షిఫ్టుకు దిగే కార్మికుడికి కావాల్సింది షీల్డు మీద ఎవరి స్టిక్కర్ ఉందన్నది కాదు, ఆ షీల్డు ఈ రోజు పనిచేస్తుందా లేదా అన్నదే.