రీసేల్ ఇల్లా? అడ్వాన్స్ ఇచ్చేముందు ఆగండి!

అమ్మానాన్నల కోసం మా నర్సీపట్నంలో ఓ పాత లేఅవుట్‌లో రీసేల్ ఇల్లు చూస్తున్నా. కొత్త వెంచర్లలో బ్రోచర్‌లోనే ఉండే రోడ్లు, డ్రైన్లు, చెట్లు ఇక్కడ కళ్లముందే ఉన్నాయి. అయినా ఇల్లు నచ్చితే సరిపోదు కదా!

రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ తీస్తే 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు తెలుస్తాయి. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, ఇంటిపన్ను బకాయిలు మాత్రం అందులో కనిపించవు. అందుకే పన్ను రసీదులు అడిగా, లింకు డాక్యుమెంట్లు లాయర్‌కి ఇచ్చా. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో లేదని చూసుకున్నా.

ఇంకొక్కటి మిగిలింది, అప్రూవ్డ్ ప్లాన్. పార్కుకి వదిలిన స్థలంలో ఇల్లు కట్టేసి ఉంటే? నాన్న రిటైర్మెంట్ డబ్బంతా ఇరుక్కుపోతుంది. ఆ ప్లాన్ చేతికొచ్చాకే అడ్వాన్స్!