పాడువాని చెవికి నాదమును పంచు పెట్టె



మన గ్రామములలోని భజన సమాజములవారును, హరికథలు చెప్పువారును నేఁడు పట్టణములకుఁ బోయి తమ పాటలను రికార్డు చేయించుకొనుచున్నారు. అచ్చటి స్టూడియోలో వారి చెవులకుఁ దగిలించు హెడ్‌ఫోనునుగూర్చియు, దానికి నాదము నందించు హెడ్‌ఫోను ఆంప్లిఫయరు అను చిన్న పెట్టెనుగూర్చియు నాలుగు మాటలు మనవి చేయుట నేఁటి నా యుద్దేశము. పెట్టె చిన్నదే యైనను, పాట శ్రుతిలో నిలుచుటయు, పాడువాని చెవులు క్షేమముగా నుండుటయు దానిపై నాధారపడి యున్నవి.

స్టూడియోలో తంబుర, మృదంగము మొదలగువానిని ముందుగా రికార్డు చేసి, పిదప కంఠమును వేఱుగా గ్రహించుట తఱుచుగా జరుగుచుండును. పాడువాఁడు ఆ వాద్యములను వినుచుఁ బాడవలెను గదా! వానిని లౌడ్‌స్పీకరు ద్వారా వినిపించినచో ఆ ధ్వని మైక్రోఫోనులోఁ బడి కంఠముతోఁ గలసిపోవును. పిదప రెంటిని విడఁదీయుట మిక్కిలి కష్టము. తన కంఠమే లౌడ్‌స్పీకరునుండి వచ్చి మఱల మైక్రోఫోనులోఁ బ్రవేశించినచో, సభలయందు మనము వినుచుండు ఆ కీచుకూఁత పుట్టును. కావుననే నాదమును చెవికి మాత్రమే చేర్చు హెడ్‌ఫోను అవసరమైనది. అందును చెవిని పూర్తిగా మూయునదే యీ పనికిఁ దగినది.

ఇఁక నలుగురు కలసి పాడునప్పుడు నాలుగు హెడ్‌ఫోనులు కావలెను. ఒక్క హెడ్‌ఫోనుకై యేర్పడిన రంధ్రమునకే తీగను చీల్చి నాల్గింటిని తగిలించిన నేమగును? 32 ఓముల విద్యుదవరోధము గల హెడ్‌ఫోనులు నాలుగు అట్లు ప్రక్కప్రక్కనఁ గలిసినప్పుడు మొత్తము 8 ఓములకు దిగిపోవును. అప్పుడు కావలసినంత విద్యుత్ప్రవాహము నిచ్చు శక్తి లేనిచో నాదము నీరసించును, లేదా బొంగురుపోవును. ఒక పిల్లకాలువకు నలుగురు రైతులు గండ్లు కొట్టినట్లుండును. పైఁగా నలుగురికిని ఒకటే హెచ్చుతగ్గు.

ఆంప్లిఫయరునందు ప్రతి హెడ్‌ఫోనుకును వేఱు తూమును, వేఱు తలుపును గలవు. తంబుర బిరడావలె త్రిప్పెడి మరతో ఎవరికిఁ గావలసినంత వారు పెట్టుకొందురు. అయితే యీ యుపమానము కొంతవఱకే చెల్లును. నీటిని పంచినకొలఁది తఱుగును గాని, ఇచ్చట లోనికి వచ్చు నాదసంకేతము ఆజ్ఞవంటిది మాత్రమే. హెడ్‌ఫోనును మ్రోగించు బలము విద్యుత్సరఫరానుండి వచ్చును. ఒక్క యాజ్ఞను నలుగురు పనివారు విని, ఎవరి చేను వారు దున్నినట్లని తలఁపుఁడు.

నేను కొన్ని పద్యములను రికార్డు చేయించిన దినమున నాకుఁ గలిగిన యనుభవమును చెప్పెదను. మొదట నా కంఠమే నా చెవులలో మిక్కిలి గట్టిగా వినఁబడెను. తెలియకయే గొంతు తగ్గించి, శ్రుతికిఁ గ్రిందుగాఁ జదివితిని. పిదప వయొలిను హెచ్చఁగా, దానిని మించవలెనని యఱచితిని. వినిచూచుకొన్నప్పుడు నాకే సిగ్గు కలిగెను. నలువదియేండ్లు పద్యము చదివిన గొంతు చెడినదని విచారించితిని. అంతట యంత్రములను నడపు చిన్నవాఁడు వచ్చి, "పంతులుగారూ, మీ గొంతులో లోపం లేదండీ. మీ చెవికి అందే పాళ్లు కుదరలేదు" అని, తంబురను హెచ్చించి, నా కంఠమును తగ్గించెను. మరుసటి పర్యాయము పద్యము తిన్నగా నడచెను.

చుట్టును సద్దు హెచ్చినకొలఁది మనుష్యుఁడు తనకుఁ దెలియకయే గొంతు హెచ్చించునని ఫ్రాన్సు దేశపు వైద్యుఁడు ఎతియేన్ లొంబార్డు 1911లోఁ బ్రకటించెను. సంతలో మాటలాడినవారి కందఱకును ఇది యనుభవమే. కావున పాళ్లు కుదరనిచో మొగమాటపడక అడుగవలెను. కొందఱు తమ సహజకంఠమును వినుటకై ఒక చెవిని విడిచి పాడుదురు. అది మంచిదే కాని, విడిచిన ప్రక్కను తలకు అదిమి యుంచవలెను. లేనిచో నాదము మైక్రోఫోనులోనికిఁ గారును.

ఇఁక ముఖ్యవిషయము. మన వయస్సువారికి ముందుగా హెచ్చుస్థాయి ధ్వనులు మందగించును. వినఁబడుటలేదని మరను త్రిప్పుచుఁ బోవుదుము. లోపలి చెవిలోని సన్నని రోమకణములు తీవ్రధ్వనికి నశించినచో మనుష్యునకు మఱల మొలవవు. 85 డెసిబెల్ల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదనియు, ప్రతి 3 డెసిబెల్ల హెచ్చునకును కాలమును సగము చేయవలెననియు అమెరికాలోని వృత్త్యారోగ్యసంస్థ సూచించుచున్నది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. 100కు 15 నిమిషములే.

కావున మర పూర్తిగా తగ్గియున్నదో లేదో చూచిన పిమ్మటనే హెడ్‌ఫోనును చెవులకుఁ బెట్టుకొనుఁడు. మెల్లగా హెచ్చింపుఁడు. తీగలను తగిలించునప్పుడును, తీయునప్పుడును చెవులనుండి దించుఁడు. ఒక వాద్యము వినఁబడనిచో, అన్నింటిని హెచ్చించుటకు ముందు తక్కినవానిని తగ్గింపుమని కోరుఁడు. చెవిలో గింగురుమన్నచో ఆ దినమునకుఁ జాలించి, అది తగ్గనిచో వైద్యునకుఁ జూపుఁడు.

శ్రుతిని తల్లి యని మన పెద్దలు చెప్పుదురు. ఆ తల్లి మాట వినుటకు చెవి యుండవలెను గదా! గొంతు చెడినచో కషాయము త్రాగి కొన్నాళ్లు మౌనముగా నుండి బాగుచేసికొనవచ్చును. ధ్వని తీవ్రతచేఁ జెడిన చెవికి అట్టి కషాయము లేదు.